థైరాయిడ్ స్కాన్ మీద తిరుగుతున్న ఆ మెసేజ్ సంగతి

మళ్లీ వచ్చింది. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, తర్వాత పరకాలలో ఉండే చిన్నమ్మ దగ్గర్నుంచి, ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్ గ్రూపులో. "థైరాయిడ్ స్కానింగ్ పేరుతో దందా" అని హెడ్డింగు, కింద ఐదు పాయింట్లు, చివర "పది మందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి". హన్మకొండలో రోజూ ఈ స్కాన్లు చేసేవాణ్ణని తెలిసి అందరూ నన్నే "నిజమేనా డాక్టర్ సాబ్?" అని అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది.

"స్కాన్ రేడియేషన్‌తో గ్రంథి కాలిపోతుంది." మేం మెడకు చేసేది అల్ట్రాసౌండ్, అందులో ఉండేది శబ్దం. కడుపులో బిడ్డకు చేస్తే లేని భయం మెడకు చేస్తే ఎందుకో. ముందుకు పోదాం.

"వారం ముందే మాత్ర ఆపి, పరగడుపున వెళ్లాలి." ఇది రాసినాయన రెండు పరీక్షలు కలిపేశాడు. న్యూక్లియర్ మెడిసిన్‌లో ఐసోటోపు (రేడియేషన్ వెలువరించే మందు) ఇచ్చి తీసే థైరాయిడ్ స్కాన్ వేరే ఉంది. దానికి థైరాయిడ్ మాత్ర కొన్నాళ్లు ఆపమనడం ఉంది, స్వల్పంగా రేడియేషన్ కూడా ఉంటుంది. మా దగ్గరికి మాత్ర వేసుకుని, టిఫిన్ చేసి రండి. భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చమంటాం, చల్లటి జెల్ పూస్తాం. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివాళ్లు గడ్డం మీదికి లాగి పట్టుకుంటారు, పనైపోతుంది.

"గడ్డ కనిపించిందంటే క్యాన్సరే." అలాగైతే సగం జిల్లా ఆస్పత్రిలో ఉండాలి. నడివయసు దాటిన ఆడవాళ్ల మెడ మీద ప్రోబ్ పెడితే ఏదో ఒక చిన్న గడ్డ కనిపించడం మామూలే. నూటికి 85కు పైగా గడ్డలు హాని లేనివి. రిపోర్టులో టైరాడ్స్ అని, గడ్డ మీద అనుమానం ఎంతో చెప్పే 1 నుంచి 5 దాకా ఒక అంకె ఉంటుంది, అది చూడండి. 1, 2 అయితే హాయిగా ఇంటికెళ్లండి.

ఇక నాలుగోది. నాతో ఇదంతా రాయిస్తున్నది ఇదే. "సూది పరీక్షకు ఒప్పుకోకండి. సూది తగిలితే నిద్రపోతున్న క్యాన్సర్ లేచి ఒళ్లంతా పాకుతుంది."

నర్సంపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. గడ్డ రెండు సెంటీమీటర్ల దగ్గర ఉంది, అంచులు సరిగా లేవు, లోపల తెల్లటి సన్న చుక్కలు. టైరాడ్స్ 5. సూది పరీక్ష అవసరమని కూర్చోబెట్టి చెప్పాను. "సూది పెడితే పెరుగుతదట గద సారూ" అని ఫోన్ తీసి ఇలాంటి మెసేజే చూపించి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి గడ్డ పెరిగింది, మెడ పక్కన బిళ్లలు కట్టాయి. సూది ముట్టకుండానే పాకింది. ఇప్పుడేమంటారు ఫార్వర్డ్ పండితులు?

ఆ సూది రక్తం తీసే సూది కంటే సన్నది. స్కాన్‌లో చూస్తూ గడ్డలోకి పంపి, కాసిని కణాలు లాగి స్లైడు మీద పూస్తారు. సూది దారిలో క్యాన్సర్ కణాలు అంటుకోవడం, వైద్య పత్రికల్లో వింతగా రాసుకునేంత అరుదు. మరి పుకారు ఎలా పుట్టింది? సూది వేశాక క్యాన్సరని తేలుతుంది, జనం సూదిని తిడతారు. గడియారం చూడబట్టే ఆలస్యమైందన్నట్టు.

అందరికీ సూది వేయరు కూడా. టైరాడ్స్ 3 అయితే గడ్డ 2.5 సెంటీమీటర్లు, 4 అయితే 1.5, 5 అయితే 1 సెంటీమీటరు ఉంటేనే ఆ మాట వస్తుంది. అందులో హాని లేదని తేలితే చాలామందికి ఆపరేషనే తప్పుతుంది. దందా దందా అని అరిచే మనిషి, కోత తప్పించే పరీక్షనే వద్దంటున్నాడు!

"స్కాన్ నార్మల్ అయితే మాత్ర మానేయొచ్చు." స్కాన్‌లో గ్రంథి రూపం కనిపిస్తుంది, హార్మోన్ కనిపించదు. దానికి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఉంది. గర్భిణి ఎవరైనా ఇది నమ్మి మాత్ర ఆపేస్తే బిడ్డకు దెబ్బ. ఆ ప్రాణం ఎవరి లెక్కలో వేయాలో "పది మందికి పంపండి" అన్నవాళ్లే చెప్పాలి.

అయితే హెడ్డింగును మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. నా పొట్ట నేనే కొట్టుకునే మాట ఇది. టీఎస్‌హెచ్ కాస్త పెరగ్గానే, మెడలో ఏమీ తగలకపోయినా స్కాన్ రాయడం మన దగ్గరా ఉంది. ఫుల్ బాడీ ప్యాకేజీల్లో కలిపి అమ్మడమూ ఉంది. దక్షిణ కొరియాలో 1999లో జాతీయ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలయ్యాక, కాస్త అదనంగా డబ్బు కడితే మెడ స్కాన్ కూడా చేసేవాళ్లు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. చావుల రేటు మాత్రం మారలేదు. ఎప్పటికీ ఏమీ చేయని చిన్న గడ్డల కోసం ఎంతోమంది గ్రంథి తీయించుకుని, జీవితాంతం మాత్రల మీద పడ్డారు. లక్షణాలు లేనివాళ్లకు ఈ స్క్రీనింగ్ వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2017లో చెప్పింది.

మెడలో గడ్డ చేతికి తగిలినా, గొంతు మారి అలాగే ఉండిపోయినా, మింగడం కష్టమైనా, దగ్గరి రక్తసంబంధీకుల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా డాక్టరుకు చూపించుకుని స్కాన్ చేయించండి. "ఊరికే ఒకసారి చూద్దాం" అని రాస్తే ఎందుకని అడగండి, రాసింది నా స్నేహితుడైనా సరే. వచ్చేటప్పుడు పాత రిపోర్టు తెండి. గడ్డ పెరిగిందో లేదో దాన్ని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. "ఇంట్ల ఉంది సారూ" అంటే నేను చేయగలిగింది లేదు.