సీసా మీద గురి, పొట్లం మీద చులకన

ఎండలు ముదిరాక మన ఊళ్లలో ఏ ఆర్‌ఎంపీ వైద్యుడి గదిలోకి తొంగిచూసినా దాదాపు ఒకటే దృశ్యం కనిపిస్తుంది: కిటికీ ఊచకు వేలాడే సెలైన్ సీసా, దాని కింద బల్ల మీద కళ్లు మూసుకుని పడుకున్న కూలిమనిషి, చుక్కలు లెక్కపెడుతున్నట్టు పైకే చూస్తూ కూర్చున్న ఇల్లాలు. నాలుగు విరేచనాలైనా, రెండు రాత్రులు నిద్ర లేకపోయినా, ఊరికే ఒళ్లు తూలినా సీసా ఎక్కించాల్సిందే. ఎక్కించనివాడు హస్తవాసి లేని వైద్యుడు.

ఆ సీసాలో ఏముందో ఒకసారి చూడాలి. అరలీటరు సాధారణ సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది, తక్కినదంతా నీరే. 'గ్లూకోజ్ ఎక్కించారు' అని గొప్పగా చెప్పుకునే 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరులో 25 గ్రాముల చక్కెర ఉంటుంది, దానివల్ల వచ్చే శక్తి వంద కేలరీలకు మించదు. ఒక కప్పు అన్నం అంతకంటే ఎక్కువే ఇస్తుంది. నీరసానికి అసలు కారణం రక్తహీనతో, మధుమేహమో, థైరాయిడ్ లోపమో అయితే సీసా దాన్ని ఒక పూట మరిపిస్తుందే గాని తగ్గించదు. పైగా చేయించాల్సిన రక్తపరీక్ష వాయిదా పడుతుంది. గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఆ ఉప్పునీరు భారం కూడా.

రోజుకూలీ మీద బతికేవాడు రెండు రోజులు మంచం మీద ఉండలేడు కాబట్టి గంటలో లేపి నిలబెట్టే వైద్యమే కావాలంటాడనే వాదన ఉంది. ఆ బాధ నిజమే. తాగింది తాగినట్టే వాంతి అవుతున్నా, మూత్రం ఆగిపోయినా, మనిషి మగతలోకి జారుతున్నా సెలైన్ ప్రాణం నిలిపే మందే, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాల్సిందే. కానీ మన బల్లల మీద పడుకుంటున్నవాళ్లలో అత్యధికులు ఆ స్థితిలో ఉన్నవారు కారు.

వారిలో విరేచనాలతో వచ్చినవారికి కావలసింది మందుల దుకాణంలో చవకగా దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం, అంటే నీటిలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజ్ పొడి. దాని చరిత్ర తెలిస్తే ఎవరూ దాన్ని చులకన చేయరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు నిండుకుంటున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా కలిపిన నీటిని పీపాల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు దిగివచ్చాయి. ఇందులో మహిమ ఏమీ లేదు. చిన్నపేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంటే నీరు వెళుతుంది; తీవ్రమైన విరేచనాల్లోనూ ఈ దారి సాధారణంగా మూసుకుపోదు. అయితే పాళ్లు తప్పకూడదు. లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టి చెప్పింది అందుకే. చక్కెర హద్దు మీరితే పేగు నీటిని పీల్చుకోవడానికి బదులు ఒంట్లో నీటినే తనలోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

సరిగ్గా ఇక్కడే మనల్ని ఏళ్ల తరబడి మోసగించారు. ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలను పేరులో ఇరికించుకున్న తియ్యటి పానీయాలు మందుల దుకాణాల్లోనే అమ్ముడుపోతుంటే, హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకానికి ఇచ్చిన అనుమతులను ఉపసంహరించింది. అంతకుముందు, 2022లో, అదే సంస్థ ఒక షరతుతో ఆ పేరును అనుమతించింది: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదని డబ్బా మీద రాస్తే చాలు.

రాయడం ఏ భాషలో? ఆహార పదార్థాల లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలునంటాయి నిబంధనలు. తెలుగులో రాయడం తయారీదారు దయ. విరేచనాలతో వడలిపోయిన బిడ్డను చంకనెత్తుకుని దుకాణానికి వచ్చిన తల్లికి ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే అయింది. సినిమా పోస్టర్‌కు, ఎన్నికల గోడరాతకు అక్కరకొచ్చే తెలుగు మందు పొట్లం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అక్కరకు రాదో మన భాషాభిమానులు ఏనాడూ గట్టిగా అడగలేదు.

మొన్న వేసవిలో మా వీధిలో ఒకావిడ మనవడి కోసం అసలైన ఓఆర్‌ఎస్ పొట్లమే తెచ్చింది. లీటరు నీటిలో కలపాల్సినదాన్ని మొత్తం ఒక్క స్టీలు గ్లాసులో ఒంపింది. ఉప్పగా ఉందని పిల్లవాడు మొహం తిప్పేస్తే రెండు చెంచాల పంచదార వేసి తిప్పుతుండగా నేను వెళ్లి ఆపాను. పొట్లం తిప్పి చూస్తే లీటరు అన్న మాట ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి ఉంది. ఆవిడ ఐదో తరగతి దాకా తెలుగు చదువుకున్న మనిషి, వారపత్రికలో సీరియల్ ఒక్క వారం కూడా వదలదు.