లినక్స్ వేస్తే హ్యాంగ్ అన్నదే ఉండదట!

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయాక, దాని బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గురించి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "లినక్స్‌కి మారండి. హ్యాంగ్, క్రాష్ ఉండవు. ఏ డెస్క్‌టాప్ అయినా ఒకటే, రంగులే తేడా. స్టేబుల్ వెర్షన్ వేస్తే బగ్స్ సున్నా. వైరస్ రాదు కాబట్టి ఏది పడితే అది దించుకోవచ్చు. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ కూడా రాకెట్‌లా పోతుంది." ఒంగోల్లో ఫ్లెక్సీల షాపు నడిపే మా బావమరిది దీన్ని నాకు పంపి, "బావా, మార్చేద్దామా?" అని అడిగాడు. కావలి బస్టాండు దగ్గర నా నెట్ సెంటర్‌లో మూడు మిషన్లూ ఆరేళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఇది లినక్స్ అంటే గిట్టనివాడి ఏడుపు కాదు.

క్రాష్ ఉండదన్నది కెర్నల్‌కీ (మిషన్‌ని లోపలినుంచి నడిపే గుండెకాయ) డెస్క్‌టాప్‌కీ తేడా తెలియక అన్న మాట. సర్వర్లు నెలల తరబడి ఆపకుండా నడుస్తాయి, నిజమే. వాటిలో చాలావాటికి అసలు డెస్క్‌టాపే ఉండదు. మన కంటికి కనిపించే ప్యానెల్, మెనూ, విండోల అంచులు కెర్నల్ మీద నడిచే వేరే ప్రోగ్రాములు. ఈ గుంపునే డెస్క్‌టాప్ అంటారు: సినమన్, గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇలా చాలా ఉన్నాయి. అవి పడిపోతాయి.

పోయిన ఏడాది ఒక అప్లికేషన్‌కి చివరి రోజు. షాపు కిటకిటలాడుతోంది. ఒకమ్మాయి ఫారం సగం నింపింది, ఫోటో కూడా ఎక్కించింది. ఉన్నట్టుండి కింద ప్యానెల్ మాయమైంది, బ్రౌజర్ పై అంచు ఊడిపోయింది. మౌస్ ఒక్కటే కదులుతోంది. వాళ్ల నాన్న నా మొహంలోకి చూసి, "ఏంది సామీ, కట్టిన డబ్బులు పోయినట్టేనా?" అన్నాడు. కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాను. సినమన్ డెస్క్‌టాప్ మళ్లీ మొదలవడానికి అది షార్ట్‌కట్. రెండు మూడు సెకన్లలో ప్యానెల్ వచ్చింది, ఫారం ఆగినచోటే ఉంది. తప్పు నాదే. ముందురోజు సరదాకి వాతావరణం చూపించే ఆప్లెట్ (ప్యానెల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము) ఒకటి తగిలించాను. దాన్ని పీకేశాక మళ్లీ అలా కాలేదు.

ఆ రోజు ఫారం బతకడానికి కారణం ఎక్స్11, అంటే లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే పాత పద్ధతి. అందులో తెరను నడిపే ప్రోగ్రాము (దీన్నీ సర్వర్ అనే అంటారు) వేరు, డెస్క్‌టాప్ వేరు. డెస్క్‌టాప్ పడ్డా సర్వర్ నిలబడి ఉంటే తెరిచిన ప్రోగ్రాములకు ఏమీ కాదు. దాని తర్వాత వచ్చిన వేలాండ్ పద్ధతిలో ఆ రెండు పనులూ ఒకే ప్రోగ్రాము చేస్తుంది. వేలాండ్ మీద నడిచే గ్నోమ్‌లో షెల్ (ఆ డెస్క్‌టాప్‌ని నడిపే ప్రోగ్రాము) పడిందంటే నేరుగా లాగిన్ తెర ముందు తేలతాం, సేవ్ చేయనిదంతా గంగపాలు. కేడీఈ వాళ్లు తమ డెస్క్‌టాప్ ప్లాస్మా 6లో కొంత దారి చూపించారు: క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన ప్రోగ్రాములు ఆ దెబ్బ తట్టుకుని మళ్లీ అతుక్కుంటాయి. తేడా రంగుల్లోనే ఉందంటారా ఇప్పుడు?

ఇంకో సంగతి. 2008 జనవరిలో కేడీఈ 4.0 సగం ఉడికిన అన్నంలా వచ్చింది. లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని వదిలి గ్నోమ్‌కి పోయాడు. 2011లో గ్నోమ్ 3 వచ్చాక దాన్నీ తిట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ పట్టాడు, తర్వాత మళ్లీ గ్నోమ్‌కే వచ్చాడు. కెర్నల్ పుట్టించిన మనిషే ఇన్ని ఇళ్లు మారాడు! గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ల (పైనుంచి తగిలించుకునే అదనపు సౌకర్యాలు) పద్ధతే మార్చేయడంతో పాతవన్నీ మళ్లీ సరిచేస్తే తప్ప పనిచేయలేదు. అదే ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.12 వచ్చింది 2015లో, 4.14 వచ్చింది 2019లో. షాపు నడుపుకునేవాడికి ఈ నత్తనడకే హాయి.

స్టేబుల్ అన్న మాటనైతే పూర్తిగా తప్పుగా అర్థం చేసుకున్నారు. డెబియన్ అనే లినక్స్ రకంలో స్టేబుల్ అంటే బగ్స్ లేనిదని కాదు, మారనిదని. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ప్లాస్మా 5.27 ఉంది, చివరిదాకా అదే ఉంటుంది. సెక్యూరిటీ లోపాలూ పెద్ద పెద్ద తప్పులూ సరిచేస్తారు గానీ చిన్నాచితకా బగ్స్ చాలావరకు అలాగే ఉండిపోతాయి. మా ఇంటి వెనక తలుపు కొంచెం పైకెత్తి తోస్తే గానీ పడదు. అందరికీ అలవాటైపోయింది. నాకు ఇలాంటి తెలిసిన బగ్ నయం, రోజుకో కొత్తది కంటే. అసలు బగ్స్ సున్నా అన్నది ఎక్కడుంది? 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా"ను ఒక ప్రత్యేక క్రమంలో రాసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా అదే గోల.

ఏది పడితే అది దించుకోవచ్చన్న సలహా ప్రమాదకరం. 2024 మార్చిలో ఒకాయన కేడీఈకి ఒక గ్లోబల్ థీమ్ (తెర రూపం మొత్తం మార్చేది) వేసుకుంటే ఆయన ఫైళ్లన్నీ చెరిగిపోయాయి. వైరస్ కాదు, థీమ్‌తో పాటు నడిచిన స్క్రిప్టు. మన ఫైళ్లు మనమే చెరుపుకోవడానికి రూట్ (మిషన్ మొత్తం మీద అధికారం) పాస్‌వర్డ్ అక్కర్లేదు కదా.

2 జీబీ రాకెట్ సంగతి: ఎక్స్‌ఎఫ్‌సీఈ తక్కువే తింటుంది, బ్రౌజర్ మాత్రం ఎక్కడైనా బ్రౌజరే. నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి ర్యామ్ నిండిందంటే మౌస్ కూడా కదలదు.

బావమరిదికి ఇదంతా చెప్పి, చివర్లో ఫార్వర్డ్‌లో లేని ముక్క ఒకటి చెప్పాను. యూనికోడ్ తెలుగు (ఫోన్లలో టైప్ చేసేది) లినక్స్‌లో బాగానే వస్తుంది, కానీ వాడి డిజైన్లన్నీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసినవి, అవి విండోస్ సరుకు. "బిల్లింగ్ మిషన్‌కి మింట్ లినక్స్ వేద్దాం, ఆదివారం వస్తా. డిజైన్ మిషన్ జోలికి పోకు, విండోస్‌కి సపోర్టు పోయింది కాబట్టి దాని నెట్ కేబుల్ మాత్రం ఇప్పుడే పీకెయ్" అన్నాను.