ఇరుకు వంటింట్లో ముందు నడవ, తర్వాతే గట్టు

తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చే చుట్టాలు ఏడాది పొడవునా ఉంటారు. మామూలు రోజుల్లో నలుగురికి వండే వంటింట్లోనే బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల్లో పన్నెండు మందికి వండాలి. ఒకరు కూరగాయలు తరుగుతుంటారు, ఒకరు గంజి వారుస్తుంటారు, మూడో మనిషి నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీస్తారు. పాత వంటిల్లు మార్పించుకునేవాళ్లు ఈ రద్దీని మరిచి, షోరూంలో చూసిన మాడ్యులర్ కిచెన్ బొమ్మతో పని మొదలుపెడుతున్నారు. ఆ బొమ్మ గీసింది పెద్ద గదికి.

కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి చోట్ల చిన్న జాగాలో కట్టిన ఇంటినే తీసుకుందాం. వంటిల్లు 7 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. ఒక కొసన హాల్లోకి తలుపు, ఇంకో కొసన పెరట్లోకి తలుపు, పొడవు గోడలో 9 అంగుళాలు ముందుకు పొడుచుకొచ్చిన పిల్లర్. వెడల్పు 84 అంగుళాలు కదా, రెండు వైపులా 24 అంగుళాల గట్లు పోస్తే మధ్యలో నడవడానికి మిగిలే నడవ 36. కింది అర తీసి ఒకరు వంగితే వెనక నుంచి ఇంకొకరు దాటలేరు. ఒక గట్టును 24లోనే ఉంచి, ఎదుటిదాన్ని 15కి తగ్గిస్తే నడవ 45 అంగుళాలవుతుంది. 15 అంగుళాల అరల్లో పప్పుల డబ్బాలు, పళ్లేలు అన్నీ పడతాయి. లోతైన అరలో వెనక వరుస డబ్బాలు ఎలాగూ పండగకు పండక్కే బయటికొస్తాయి.

హాలు తలుపు రెక్క లోపలికి తెరుచుకుంటే, రెండున్నర అడుగుల మేర ఏమీ పెట్టలేని చోటు తయారవుతుంది. దాన్ని హాలు వైపు తెరుచుకునేలా తిప్పించండి, లేదా రెక్కే తీసేయండి. ఫ్రిజ్‌ను హాలు తలుపు దగ్గర, వీలైతే హాల్లోనే పెట్టండి. నీళ్ల కోసం వచ్చే పిల్లలు పొయ్యి దాకా రాకుండా ఉంటారు.

పిల్లర్‌ను దాచాలని గట్టు మొత్తాన్ని ముందుకు జరపడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 9 అంగుళాలు పొడుచుకొచ్చిన మూరెడు వెడల్పు ముక్క కోసం 11 అడుగుల పొడవునా నడవ పోతుంది. పిల్లర్ ముందు మిగిలిన 15 అంగుళాల్లో సింకు పట్టదు, పొయ్యి ఇరుకవుతుంది, మిక్సీకి మాత్రం సరిగ్గా సరిపోతుంది. పిల్లర్ పక్కన గోడకు 9 అంగుళాల లోతు చిన్న అరలు కడితే తిరగమోత దినుసులు, నూనె సీసాలు చేతికందుతాయి.

ఎత్తు విషయంలో మేస్త్రీ మాట యథాతథంగా వినకూడదు. గట్టంతా ఒకే మట్టంలో పోయడం ఆయనకు తేలిక. అయిదడుగుల రెండంగుళాల మనిషికి మోచెయ్యి సుమారు 39 అంగుళాల ఎత్తులో ఉంటుంది కాబట్టి తరిగే గట్టు 34 ఉండాలి. పొయ్యి సంగతి వేరు. స్టవ్వు, దాని మీద గిన్నె కలిసి ఇంకో అడుగు పైకి లేస్తాయి. మన జిల్లాలో రాగి సంగటి కెలకాలంటే భుజం బలమంతా పై నుంచి పడాలి. అందుకే పొయ్యి ఉండే మూడడుగుల మేర గట్టును 30 అంగుళాలకు దించాలి. ఇక్కడే ఒక చిక్కుంది. 14.2 కిలోల సిలిండర్ ఎత్తు దాదాపు 25 అంగుళాలు. 30 అంగుళాల గట్టు మందం పోను రెగ్యులేటర్ తిప్పడానికి చెయ్యి ఆడదు. సిలిండర్‌ను పక్కనున్న ఎత్తు గట్టు కిందే నిలబెట్టాలి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది కాబట్టి ఆ అర తలుపుకు కింది అంచున సందులు వదలాలి.

వాస్తు కోసం పొయ్యిని ఆగ్నేయంలోని కిటికీ కిందికి నెట్టేవాళ్లున్నారు. గాలికి మంట ఆరిపోతే గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. అదే తూర్పు గోడకు, కిటికీకి రెండడుగులు పక్కకు జరిపినా వండే మనిషి తూర్పుకే తిరిగి ఉంటారు.

సింకును పాత చోటు నుంచి కదిలించే ముందు వాలు లెక్క చూసుకోండి. మురుగు పైపుకు 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు కావాలి. పదడుగులు జరిపితే 3 అంగుళాలు దిగాలి. నేల తవ్వకుండా ఆ వాలు రాదు. ప్లంబర్ వాలు తగ్గించి సర్దేస్తే జిడ్డు పేరుకుని ఆర్నెల్లకే నీళ్లు నిలుస్తాయి. సింకును పెరటి గోడ వైపే ఉంచుకోవడం మేలు.

సింకు కింద ప్లైవుడ్ డబ్బా వద్దు. బోరు నీళ్ల ఉప్పుకు జాయింట్లు కారడం ఖాయం, ఆ తడికి చెక్క ఉబ్బుతుంది. అక్కడ కడప బండలతో అరలు కట్టి, ముందు తలుపులు మాత్రం బిగించుకోవచ్చు. చెదలు పట్టదు, కడిగేయొచ్చు. పైన పరిచే నల్ల గ్రానైట్‌కు చిత్తూరు జిల్లాలో కొదవ లేదు గానీ, సింకు కోత ముందు మిగిలే సన్నటి పట్టీ దగ్గరే రాయి విరుగుతుంది. అక్కడ కనీసం మూడంగుళాలు వదిలించి, కింద ఆసరా పెట్టించాలి.

గ్రైండర్, ఇండక్షన్‌లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో విడివిడిగా 16 ఆంపియర్ల ప్లగ్గులు గోడ పగలగొట్టిన రోజే వేయించాలి. గోడకు పలకలు (టైల్స్) అంటించాక గుర్తొస్తే గోడ మీద ప్లాస్టిక్ పట్టీలే గతి.

అరల తలుపుల కొలతలు మాత్రం అన్నిటికన్నా చివర. సిమెంటు పూత, పలకలు కలిసి ఒక్కో గోడ ముప్పావు అంగుళం దాకా మందమెక్కుతుంది. కడప బండల అంచులు కూడా ఒకదానికొకటి సమంగా రావు. గ్రానైట్ పడ్డాక ప్రతి అరకూ పైన, మధ్యన, కింద మూడు చోట్ల టేపు పెట్టించి, అన్నిటికన్నా చిన్న కొలతతోనే కార్పెంటర్‌కు ఆర్డరివ్వండి.