స్టాన్‌ఫర్డ్ వదిలిన అబ్బాయిపై ఒక అభ్యంతర పత్రం

అయ్యా,

ఈ దిగువ సంతకం చేసిన నేను, ఎవరూ నియమించకపోయినా, సమస్త తెలుగు తల్లిదండ్రుల తరఫున దాఖలు చేస్తున్న అభ్యంతరం ఇది.

మన ఇళ్లలో ఒక పిల్లవాడికి స్టాన్‌ఫర్డ్‌లో సీటు వచ్చిందంటే ఆ సంగతి ముందు దేవుడికి, ఆ వెంటనే తోడల్లుడికి తెలియాలి. తొందరలో ఈ వరస తారుమారైనా దేవుడు ఏమీ అనుకోడు. ఆ సీటును రెండేళ్లకే వదిలేశాడంటే మాత్రం ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియకూడదు. ‘ఏదో ప్రాజెక్టు ఉందని సెలవు పెట్టాడు’ అని చెప్పుకుంటూ, నాలుగు పెళ్లిళ్లు ఎగ్గొట్టి, గుట్టుగా కాలం వెళ్లదీయాలి. ఇంత చక్కని మర్యాదను తుంగలో తొక్కి, 2024 డిసెంబరులో నిశేష్ బసవరెడ్డి అనే 19 ఏళ్ల అబ్బాయి లోకమంతా వినేటట్టు ప్రకటించి మరీ స్టాన్‌ఫర్డ్ నుంచి బయటికి వచ్చేశాడు. కారణం ఏమిటయ్యా అంటే, టెన్నిస్ ఆడాలట.

నేరం తీవ్రత తెలియాలంటే పూర్వాపరాలు చెప్పాలి. అబ్బాయి తల్లిదండ్రులు నెల్లూరు నుంచి అమెరికా వెళ్లినవారు. అతను పుట్టింది 2005 మేలో, కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో. పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్‌లో. ఆ ఊరి గాలిలోనే ఏదో దోషం ఉన్నట్టుంది. డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన రాజీవ్ రామ్‌దీ ఆ ఊరే. ఆయన కూడా ఇలినాయ్ విశ్వవిద్యాలయం తరఫున ఒక్క సీజన్ ఆడి, 2003లో ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాలల క్రీడా సంఘం) డబుల్స్ టైటిల్ పట్టుకుని బయటపడ్డవాడే. అటువంటి పెద్దమనిషి ఊళ్లో తిరుగుతుంటే పిల్లలు చెడిపోక ఏమవుతారు? మనవాడు 2022లో యూఎస్ ఓపెన్ జూనియర్ డబుల్స్ గెలిచాడు. మొక్కగా ఉన్నప్పుడే వంచవలసింది. వంచలేదు. పైగా నీళ్లు పోశారు.

స్టాన్‌ఫర్డ్‌లో అతను చదువుతున్నది డేటా సైన్స్. చదువరులు ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఆ రెండు పదాలనూ మళ్లీ మనసులో అనుకోవాలని మనవి. స్టాన్‌ఫర్డ్. డేటా సైన్స్. పెళ్లిళ్ల మార్కెట్లో ఈ రెండు మాటలు పక్కపక్కన ఉంటే జాతకం కూడా అడగరు.

అయితే ఆ విశ్వవిద్యాలయం చరిత్ర కొంచెం తిరగేస్తే అసలు ముద్దాయి ఎవరో అర్థమవుతుంది. టెన్నిస్ దిగ్గజం జాన్ మెకన్రో అక్కడ ఒక్క ఏడాది ఉండి, 1978లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచి వెళ్లిపోయాడు. డబుల్స్ వీరులైన బ్రయాన్ కవలలు రెండేళ్లుండి 1998లో వెళ్లిపోయారు. ఒకరు కాదు, ఇద్దరూ, ఒకే ఇంటి నుంచి. ఆ తల్లిదండ్రుల గుండె ఎంత గట్టిదో! గోల్ఫ్ ఆడే టైగర్ వుడ్స్ 1996లో వెళ్లిపోయాడు. గూగుల్ పెట్టిన ఇద్దరూ అక్కడ పీహెచ్‌డీ మధ్యలో వదిలేసినవారే. ఇదంతా చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, స్టాన్‌ఫర్డ్‌లో డిగ్రీ తీసుకోవడం మామూలు విద్యార్థులు చేసే పని. బాగా చదివేవాళ్లు మధ్యలో మానేస్తారు. ఇంత ప్రమాదకరమైన సంస్థకు పిల్లలను పంపేందుకు మనం ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు కట్టిస్తున్నామన్న సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఇక అమెరికా కళాశాల టెన్నిస్ అనే వింత వ్యవస్థ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనకు ఆట వేరు, చదువు వేరు. ఆటల పీరియడ్‌లో లెక్కల మాస్టారు వచ్చి కూర్చోవడంతో ఆ వివాదం ఏనాడో పరిష్కారమైంది. అక్కడ మాత్రం ఆడేవాడికి కళాశాలే కోచ్‌ను ఇస్తుంది, వ్యాయామశాల ఇస్తుంది, భోజనం పెడుతుంది, విమానం టికెట్ కొంటుంది, మోకాలు నొప్పి పుడితే ఐసు ముక్క కూడా పెడుతుంది. మగపిల్లల టెన్నిస్ జట్టుకు మొన్నమొన్నటి దాకా పెద్ద విభాగంలో అనుమతించిన స్కాలర్‌షిప్‌లు నాలుగున్నర. అవును, నాలుగున్నర. సింగిల్స్ ఆడేదే ఆరుగురు. ఆ నాలుగున్నరనే జట్టంతా ముక్కలు చేసి పంచుకోవాలి. ఆ చివరి సగం పొందినవాడు ఫోర్‌హ్యాండ్ మాత్రమే ఆడతాడా, బ్యాక్‌హ్యాండ్ కూడా ఆడతాడా అన్నది నాకు ఇప్పటికీ తేలని ధర్మసందేహం.

ఆట తీరు కూడా మనవారికి నచ్చేదే. టెన్నిస్ అంటే మౌనవ్రతం అనుకుంటాం కదా, అక్కడ ఆరు కోర్టులలో ఆరు మ్యాచ్‌లు ఒకేసారి నడుస్తుంటే, ఏ కోర్టులో ఎవడు గెలుస్తున్నాడో చూసుకోకుండా అందరూ కలిసి అరుస్తారు. కోళ్ల పందాల బరి ఎలా ఉంటుందో తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. స్కోరు 40–40 అయితే అడ్వాంటేజ్ అంటూ సాగదీయరు. ఒక్క పాయింటుతో తేల్చేస్తారు. ఈ ఒంటి పాయింటు గండాన్ని రోజుకు పదిసార్లు దాటినవాడికి పెద్ద కోర్టులో చేతులు వణకవు. కళాశాల నుంచి వచ్చిన ఆటగాళ్లు ఆలస్యంగా వచ్చినా గట్టిగా నిలబడటానికి ఇదొక కారణమని నా అనుమానం. జాన్ ఇస్నర్ జార్జియా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లూ ఉండి, డిగ్రీ పూర్తి చేసి వచ్చి ప్రపంచంలో 8వ ర్యాంకు దాకా వెళ్లాడు. ఇటువంటి సత్ప్రవర్తన గురించి మన పత్రికలు రాయవు.

పదిహేడేళ్లకే ప్రొఫెషనల్ అయితే ఏమవుతుందో కూడా చూడాలి. ‘15 వేల డాలర్ల టోర్నీ గెలిచాడు’ అని పేపర్లో పడితే మనం 15 వేలను రూపాయల్లోకి మార్చి అసూయపడతాం. ఆ సొమ్ము టోర్నీ మొత్తానికి. ఆడినవాళ్లంతా పంచుకోగా గెలిచినవాడికి ముట్టేది రెండు వేల చిల్లర డాలర్లు. అందులోంచి విమానం, హోటలు, రాకెట్ తంతులు, కోచ్ జీతం. మిగిలేది గెలిచినట్టు ఒక ఫోటో. అందుచేత కళాశాల అనేది ఆటగాడికి అన్నసత్రం వంటిది. ఒళ్లు ముదిరేదాకా అక్కడ తినవచ్చు. సత్రంలో ఎల్లకాలం ఉండమని ఎవరూ అనరు. మనమే అంటాం.

మనవాడు చదివే రోజుల్లో ఆ సత్రానికొక షరతు ఉండేది. విద్యార్థిగా ఉన్నంతకాలం పోటీల్లో గెలిచిన సొమ్ములో ఖర్చుల మేరకే తీసుకోవాలి. అమెచ్యూర్, అంటే డబ్బు కోసం ఆడనివాడు, అనే పవిత్రతకు భంగం కలగకూడదు మరి. అదే విద్యార్థి 2021 జూలై నుంచి తన పేరు, ముఖం ప్రకటనలకు అమ్ముకోవచ్చు. అంటే పరుపుల ప్రకటనలో పడుకుంటే డబ్బు తీసుకోవచ్చు, కోర్టులో పరుగెత్తి గెలిస్తే తీసుకోకూడదు. ఈ తర్కం అర్థం కాక నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ క్రీడాకారిణి ఒకరు 2024లో కోర్టుకు ఎక్కారు. మన ఇంటర్ బోర్డు నిబంధనలు అలవాటైన ప్రాణానికి ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించదు.

ఇప్పుడు మన ముద్దాయి లెక్క చూద్దాం. 2024 మొదట్లో ర్యాంకు నాలుగు వందల పైన ఎక్కడో ఉంది. ఏడాది తిరిగేసరికి 138. మధ్యలో కాలిఫోర్నియాలోని టిబురాన్‌లో ఒకటి, మెక్సికోలో ఒకటి, రెండు చాలెంజర్ (పెద్ద టోర్నీలకు ఒక మెట్టు కిందివి) టైటిళ్లు. ఆ ఆటకే, ర్యాంకు చాలకపోయినా నేరుగా ఆడనిచ్చే ఆస్ట్రేలియన్ ఓపెన్ వైల్డ్‌కార్డ్ కూడా చేతికి వచ్చింది. 2025లో అక్కడ మొదటి రౌండ్‌లో ఓడినవాడికే 1,32,000 ఆస్ట్రేలియా డాలర్లు. మన డబ్బులో దాదాపు 70 లక్షలు. ఓడితే! విద్యార్థిగా వెళ్లి ఓడితే అందులో ఖర్చులు పోగా మిగిలింది వదులుకోవాలి. డేటా సైన్స్ చదివినవాడు ఆ మాత్రం డేటా చూసుకోలేడా? అనవసరంగా చదివించారు, లేకపోతే ఈ తెలివి వచ్చేది కాదు.

బెన్ షెల్టన్‌ను చూడండి. తండ్రి మాజీ ఆటగాడు, అప్పట్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ కోచ్. కొడుకు ఆయన దగ్గరే ఆడి, 2022లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచి, ఆ ఆగస్టులో ప్రొఫెషనల్ అయ్యాడు. 2023 జనవరిలో జీవితంలో మొదటిసారి అమెరికా దాటి ఆస్ట్రేలియా వెళ్లి క్వార్టర్‌ఫైనల్ చేరాడు. అప్పటికీ ఆన్‌లైన్ తరగతులు మానలేదు. ఇదీ పద్ధతి. చేతిలో రాకెట్ ఉన్నా సంచిలో పుస్తకం ఉంటే చుట్టాలకు చెప్పుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇక ఘటన జరిగిన రోజు. 2025 జనవరి 13. తెలుగు క్యాలెండరు ప్రకారం భోగి. మెల్‌బోర్న్‌లో రాత్రి, మనకు మధ్యాహ్నం. రాడ్ లేవర్ అరీనాలో అవతల నిలబడ్డది 24 గ్రాండ్‌స్లామ్‌ల నోవాక్ జకోవిచ్. కుర్రాడు చిన్నప్పటి నుంచి ఎవరిని చూసి ఆట నేర్చుకున్నాడో ఆయనే. జకోవిచ్ తన మొదటి గ్రాండ్‌స్లామ్ మ్యాచ్‌ను 2005 జనవరిలో అదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆడాడు. అప్పటికి మనవాడు ఇంకా పుట్టలేదు, నాలుగు నెలల దూరంలో ఉన్నాడు. అది చాలదన్నట్టు జకోవిచ్‌కు కోచ్‌గా ఒకప్పటి ప్రత్యర్థి ఆండీ ముర్రే ఆ రోజే మొదటిసారి వచ్చి కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడి మీదికి ఇద్దరు పెద్దమనుషులు రావడం న్యాయమా?

మా కాలనీలో ఆ రోజు తెల్లవారుజామున భోగిమంట వేశాం. విరిగిన కుర్చీ, చెదలు పట్టిన తలుపు, ఎవరివో పాత చాపలు. మా పక్కింటాయన ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకు టెన్నిస్ రాకెట్‌ను తెచ్చి అందులో వేశాడు. ‘మార్చిలో పరీక్షలు. పీడ వదులుతుంది’ అన్నాడు. తంతులు చిటచిటలాడుతూ ముడుచుకుపోయాయి. పట్టుకునే చోట చుట్టిన రబ్బరు కమురు కంపు కొట్టి అందరినీ నాలుగడుగులు వెనక్కి తరిమింది. అల్యూమినియం ఫ్రేము మాత్రం కాలలేదు. మసి పట్టి, నిప్పుల మధ్య గుండ్రంగా అలాగే ఉండిపోయింది. కుర్రవాడు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నలుగు పెట్టుకున్న ముఖం, ఏ భావమూ తెలియలేదు.

బొబ్బట్లు తిని అందరం వాళ్ల ఇంట్లోనే టీవీ ముందు చేరాం. మొదటి సెట్ 6–4. మనవాడిది! పక్కింటాయన సోఫా మీది నుంచి లేచి, ‘నెల్లూరు రక్తం!’ అని అరిచాడు. ఆయనది తణుకు. వాట్సాప్ గ్రూపులో అప్పటికే సందేశాలు మొదలయ్యాయి. నెల్లూరువారు మావాడన్నారు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేటవారు, పాత జిల్లా లెక్కన మావాడూ అవుతాడన్నారు. అమెరికా వ్యాఖ్యాతలు ‘బసవా–రెడీ’ అని పలికినప్పుడల్లా ఒకాయన సరిచేస్తూ టీవీకి తెలుగు నేర్పాడు. విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని కూడా అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడి, ఇక్కడికి తిరిగి వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడని నేను గుర్తు చేశాను. ఎవరూ వినలేదు. దేశం కోసం ఆడినవాడి ఊరి గురించి మనలో ఇంతగా తగవులాడరు.

తరవాత జకోవిచ్ మేలుకున్నాడు. 6–3, 6–4, 6–2. రెండో సెట్ పోయాక గదిలో సగం మంది కాఫీకి లేచారు. మూడోది పోయాక నిపుణుల అభిప్రాయాలు వెలువడ్డాయి. నెయ్యి తక్కువ తింటాడన్నారొకరు. నాలుగోది పోయాక పక్కింటాయన గంభీరంగా నిట్టూర్చి, ‘డిగ్రీ పూర్తి చేసి వచ్చి ఉంటే గెలిచేవాడు’ అని తీర్పు చెప్పాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఆ అబ్బాయి ఆక్లాండ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లి, చివరకు టైటిల్ కొట్టిన గేల్ మోన్‌ఫిస్ చేతిలో మాత్రమే ఓడాడని చెప్పబోయాను. ఆయన అప్పటికే కొడుకు వైపు తిరిగాడు.

‘నువ్వేమిటి ఇంకా ఇక్కడే? మ్యాచ్ అయిపోయిందిగా. వెళ్లి ఇంటిగ్రేషన్ చెయ్యి.’

‘అంకుల్, మొదటి సెట్‌లో ఆ బ్యాక్‌హ్యాండ్ చూశారా?’ అని కుర్రవాడు అడిగింది నన్ను. చూశానన్నాను. లోపలికి వెళ్లిపోయాడు.

మూడోనాడు, కనుమ రోజున, పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. భోగిమంట బూడిదలోంచి ఆ ఫ్రేమును తీసి దులిపి, తక్కెడలో పెట్టి, పది రూపాయలన్నాడు. పక్కింటాయన ఫోనులో హ్యూస్టన్‌లోని తోడల్లుడితో మాట్లాడుతున్నాడు. ‘జకోవిచ్ దగ్గర మొదటి సెట్ లాక్కున్నాడండీ మనవాడు, మామూలు విషయమా!’ అంటూనే, రెండో చేతి వేళ్లు ఐదూ విప్పి సామాన్లవాడికి మూడుసార్లు చూపించాడు.