వేగాన్ని అదుపు చేసే పరికరమూ ఆచూకీ చెప్పే పరికరమూ ఒకటి కావు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపులలో కార్ల స్పీడ్ లిమిటర్ల గురించి ఒక సందేశం తెగ తిరుగుతున్నది. ఐరోపాలో వీటిని తప్పనిసరి చేశారనీ, రేపు ఇక్కడా పెడతారనీ, పెడితే ఓవర్‌టేక్ చేస్తుండగా ఇంజన్ శక్తి పడిపోయి ప్రాణాల మీదికి వస్తుందనీ, మనం ఎక్కడ ఎంత వేగంతో పోతున్నామో ప్రభుత్వానికి క్షణక్షణం తెలిసిపోతుందనీ, ఎలాగూ మన రోడ్లకు అది పనికిరాదనీ దాని సారాంశం.

ఐరోపా సమాఖ్యలో 2022 జూలై నుంచి కొత్త మోడళ్లకూ, 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నింటికీ, రోడ్డు మీది వేగ పరిమితిని మ్యాపు, కెమెరాల ద్వారా తెలుసుకొని డ్రైవరును హెచ్చరించే లేదా వేగాన్ని తగ్గించే ఈ ఏర్పాటు తప్పనిసరి అయిన మాట వాస్తవమే. అయితే ఆ చట్టం ప్రకారం అది శబ్దంతో హెచ్చరించినా, పెడల్‌ను వెనక్కి నెట్టినా, తానే వేగాన్ని తగ్గించినా, డ్రైవరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు ఆ పరిమితిని దాటి పోగలగాలి. డ్రైవరు దాన్ని ఆపివేయవచ్చు కూడా. బండి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు అది తిరిగి పనిలోకి వస్తుంది.

ఓవర్‌టేక్ భయాన్ని నేను తేలికగా తీసుకోను. దేవరకొండ, అచ్చంపేట వైపు రెండు వరుసల రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీని దాటడానికి దానికన్నా సుమారు 50 మీటర్లు ఎక్కువ దూరం పోవాలనుకుంటే, 70 వేగంతో 9 సెకన్లు పడుతుంది, 90 వేగంతో నాలుగున్నర సెకన్లు చాలు. ఎదురుగా బండి వస్తున్నప్పుడు ఆ తేడా ప్రాణాలకు సంబంధించినదే. పెడల్ తొక్కితే లొంగాలన్న నిబంధన ఉండవలసింది అందుకే. సందేశం రాసినవారు ఆ నిబంధనను వదిలేసి, మన లారీలకు కేంద్రం 2015 నోటిఫికేషన్ కింద బిగించే, పెడల్ ఎంత తొక్కినా 80 కిలోమీటర్ల వేగం దాటనివ్వని గవర్నర్‌నూ దీన్నీ ఒకే గాటన కట్టారు.

నిఘా ఆరోపణ ఇంకా బలహీనమైనది. జీపీఎస్ రిసీవర్ ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటుందే తప్ప వాటికి ఏమీ పంపదు. మ్యాపు కారులోనే ఉంటుంది, వేగ పరిమితి బోర్డును చదివే కెమెరా కూడా కారులోనే ఉంటుంది. వేగాన్ని సరిచూడడానికి ఒక్క అక్షరమైనా బయటికి పోనక్కరలేదు. మన దేశంలో 2019 జూలై 1 తరువాత తయారైన కార్లు 80 దాటగానే మోగుతాయి, 120 దాటితే ఆగకుండా మోగుతాయి. ఆ మోత ఏ కార్యాలయానికీ చేరదు. ఆచూకీ నిజంగా బయటికి పోయే దారులు వేరే ఉన్నాయి. కారులో కంపెనీ బిగించిన సిమ్, దానికి తోడుగా ఫోన్‌లోని యాప్, పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్ నమోదు, క్యాబ్‌లకూ బస్సులకూ పెట్టిన ట్రాకర్లు ఆ దారులు. నడిపే తీరును బట్టి ప్రీమియం లెక్కగట్టే బీమాకు 2022లోనే అనుమతి వచ్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో ప్రభుత్వ సంస్థలను మినహాయించే వీలు ఉంది. గోప్యత గురించి బెంగపడేవారు ముందుగా నిలదీయవలసింది వీటిని.

మన రోడ్లకు పనికిరాదన్న మాటలో మాత్రం బలముంది. పనులు ముగిసినా తీయని 30 బోర్డు, సర్వీసు రోడ్డు కోసం పెట్టిన బోర్డు, ఫ్లెక్సీ కింద దాగిపోయిన బోర్డు, చివరికి ముందు పోతున్న లారీ వెనుక పెయింట్‌తో రాసిన 40 అంకె, వీటిలో దేన్ని నమ్మాలో కెమెరాకు తెలియకపోవచ్చు. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అక్కడ 40 కూడా ఎక్కువేనని ఏ బోర్డూ చెప్పదు. కనుక ఈ పరికరాన్ని తప్పనిసరి చేయడానికి ముందు జాతీయ రహదారుల సంస్థా, రోడ్లు భవనాల శాఖా ఏ రోడ్డులో ఏ కిలోమీటరు దగ్గర ఎంత పరిమితో ఒక జాబితాగా అందరికీ అందుబాటులో పెట్టాలి, బోర్డులను దానికి తగినట్లు సరిచేయాలి. వేగం, స్థానం వివరాలు కారు దాటి పోకూడదనీ, ప్రయాణం ముగిశాక నిలవ ఉండకూడదనీ నిబంధనలోనే రాయాలి.