మనోరోగి అయితే పొగ తాగనివ్వాలా?

గుండెపోటుతో వచ్చిన రోగి జేబులో సిగరెట్ పెట్టె కనిపిస్తే మందలించని డాక్టరు ఉండడు. అదే స్కిజోఫ్రీనియాతో ఏళ్లుగా అవస్థ పడుతున్న మనిషి రోజుకు రెండు కట్టల బీడీలు కాలుస్తున్నాడని తెలిసినా, ‘పాపం, ఆయనకున్న సుఖం అదొక్కటే’ అని ఊరుకుంటారు. ఈ జాలిని మేము వివక్ష అంటాం.

తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారు మిగతావారి కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారిని ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది నివారించదగిన శారీరక జబ్బులే. మరి పొగ మానమన్న మాట వారికెందుకు చెప్పరు?

పొగ మానిపించడానికి మందులిస్తే వ్యాధి తిరగబెడుతుందని కొందరు వైద్యులు, కుటుంబ సభ్యులు భయపడుతున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే, ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న ఈగిల్స్ అధ్యయనం 2016లోనే దానికి జవాబిచ్చింది. అందులో సగం మంది మానసిక వ్యాధి ఉండి, నిలకడగా ఉన్నవారు. నికోటిన్ ప్యాచ్‌తో గాని, ఉత్తుత్తి మాత్రతో గాని పోల్చినప్పుడు పొగ మానడానికి ఇచ్చే వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రల వల్ల మానసిక దుష్ప్రభావాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. వరెనిక్లిన్‌పై ఉన్న తీవ్ర హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అదే ఏడాది డిసెంబరులో తొలగించింది.

జాగ్రత్త పడవలసింది మరొకచోట ఉంది. పొగలోని తారు కాలేయంలోని ఒక ఎంజైమును ప్రేరేపించి స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్, ఓలాంజపిన్ మందులను శరీరం త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది కనుక, పొగ తాగేవారికి మోతాదు ఎక్కువ కావలసి వస్తుంది. వారు ఒక్కసారిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే రక్తంలో మందు పెరిగి మగత, మూర్ఛ వంటి ప్రమాదాలు రావచ్చు. మోతాదు తగ్గించి కనిపెట్టుకుని ఉండవలసింది మానసిక వైద్యుడే. పొగ సంగతి తన పని కాదని ఆయన తప్పుకుంటే ఇంకెవరు చూస్తారు?

మానసిక వ్యాధిగ్రస్తులకు శారీరక రోగులతో సమానంగా వైద్యం అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ శాసిస్తోంది. పొగాకు మానాలనుకునేవారికి 1800-112-356 క్విట్‌లైన్ ఉంది, నిజమే. చెవిలో వినిపించే గొంతులతో సతమతమయ్యే మనిషికి ఫోన్ నంబరిచ్చి పంపడం వైద్యం కాదు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల నుంచి జిల్లా ఆసుపత్రుల దాకా, ఓపీకి వచ్చిన ప్రతిసారీ పొగ గురించి అడగాలి, ప్యాచ్‌లు, మాత్రలు ఉచితంగా ఇవ్వాలి, మోతాదు సవరించాలి. ‘వీళ్లు మానలేరు’ అని తీర్పు చెబుతున్నవారు, మానమని వీరిని ఎన్నిసార్లు అడిగారో ముందు కేస్ షీట్లు తిరగేసి చూసుకోవాలి.