తీర్మానం చదివాకే సంతకం

తెలంగాణలో 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలతో పన్నెండు వేల ఏడు వందలకు పైగా గ్రామ పంచాయతీలకు మళ్లీ పాలకవర్గాలు వచ్చాయి. అంతకు ముందున్న సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి ఆరంభంలోనే తీరిపోగా, సుమారు రెండేళ్ల పాటు పల్లెలను ప్రత్యేకాధికారులే నడిపారు. ఒక్కో అధికారికి సొంత శాఖ పనితో పాటు పంచాయతీ అదనపు బాధ్యతగా ఉండటం వల్ల ఊరి ముఖం చూసే తీరిక వారికి తక్కువ. గడువు ముగిసేలోగా ఎన్నిక జరిగి తీరాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెబుతున్నా ఆ మాటకు విలువ దక్కలేదు. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే నిధులన్నది పదిహేనో ఆర్థిక సంఘం పెట్టిన షరతు కావడంతో కేంద్ర గ్రాంట్లు కూడా నిలిచిపోయాయి. ఆ నష్టం పెద్ద గ్రామాల కన్నా చిన్న తండాలకే ఎక్కువగా తగిలింది. ఇంటి పన్ను తప్ప చెప్పుకోదగ్గ సొంత ఆదాయం లేని చోట, ఆ గ్రాంటు రాకపోతే వీధి దీపాల కరెంటు బిల్లు, నీళ్ల మోటారు మరమ్మతు, ట్రాక్టరు డీజిలు, సఫాయి కార్మికుల జీతం అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

కొత్త పాలకవర్గాలు ఇప్పుడు పని మొదలుపెట్టాయి. ఏ పార్టీ మద్దతుదారులు ఎన్నిచోట్ల గెలిచారన్న లెక్క వారాల తరబడి సాగింది. పార్టీ గుర్తులు లేని ఎన్నికల్లో ఆ లెక్కకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకులకు తెలుసు. మేము అడగదలచుకున్నది వేరు. అయిదారు వందల మంది ఉండే తండాలో గ్రామసభ నిజంగా జరుగుతుందా, లేక తీర్మానాల పుస్తకంలో మాత్రమే జరుగుతుందా?

ఈ చిన్న పంచాయతీలు ఎలా వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టానికి ముందు రాష్ట్రంలో ఉన్నవి సుమారు 8,700 పంచాయతీలే. చాలా తండాలు, గూడేలు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోని పెద్ద ఊరికి శివారుగా ఉండేవి. బోరు ఎక్కడ వేయాలన్నా, రోడ్డు ఎక్కడికి పోయాలన్నా ఆ పెద్ద ఊరి వార్డుల మాటే నెగ్గేది. ‘మా తండాలో మా రాజ్యం’ అన్న నినాదం ఆ అనుభవంలోంచే పుట్టింది. జనాభా అయిదు వందలు దాటిన తండాలను విడదీసి పంచాయతీలుగా చేయడంతో 2019 జనవరి ఎన్నికల్లో వేలాది మంది తొలిసారి తమ ఇళ్ల మధ్య నుంచే సర్పంచును ఎన్నుకున్నారు. దశాబ్దాల కోరిక ఫలించింది. అయితే పంచాయతీ ఆఫీసు తండాలోకి వచ్చినంత వేగంగా లెక్కలు తండావాసుల చేతికి రాలేదు. వార్డు సభ్యులు పట్టుమని పది మంది కూడా లేని, అందరూ ఒకరికొకరు బంధువులో పాలివాళ్లో అయిన చోట సర్పంచును నిలదీయడం ఎంత కష్టమో అక్కడ బతికేవారికే తెలుస్తుంది. కుటుంబాల మధ్య ముఖం చెడకుండా ప్రశ్న అడిగే చోటు ఒక్కటే ఉంది, అది సభ. అందరి ముందూ లెక్క చదివే పద్ధతి ఉంటే, అడిగినవాడు పగవాడు కాడు.

చట్టంలో ఇందుకు లోటేమీ లేదు. రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని 2018 చట్టం చెబుతోంది. సభ జరపని సర్పంచు పదవి పోగొట్టుకునే నిబంధన కూడా ఉంది. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనుల పర్యవేక్షణకు గ్రామస్థులతో స్థాయీ సంఘాలు వేయాలి. బడ్జెట్లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలి. కాగితం మీద ఇంతకన్నా గట్టిగా రాయడం కష్టం.

ఆచరణలో జరిగేది వేరు. గ్రామసభ తీర్మానాల పుస్తకాన్ని ఎప్పుడైనా తెరిచి చూసినవారికి ఆ తంతు కొత్త కాదు. పేజీ పైభాగాన తేదీ, ‘సర్పంచు గారి అధ్యక్షతన గ్రామసభ సమావేశమైనది’ అనే ఒక వాక్యం. దాని కింద సగం పేజీ ఖాళీ. ఆ ఖాళీ కింద వరసగా సంతకాలు, వాటి పక్కన నీలి సిరా వేలిముద్రలు. ఉపాధి హామీ పని దగ్గరో, రేషన్ దుకాణం దగ్గరో పుస్తకం తిప్పి సేకరించిన ఆ సంతకాల పైన ఉన్న ఖాళీని తరవాత ఎప్పుడో మండల ఆఫీసు అడిగిన ఎజెండా ప్రకారం నింపి, చివర ‘సభవారు ఏకగ్రీవముగా ఆమోదించిరి’ అని ముగిస్తారు. వేలిముద్ర వేసిన పెద్దమ్మకు తాను ఏ పనికి ఆమోదం తెలిపిందో తెలియదు. ఆ కాగితమే పై అధికారుల దగ్గర ఊరి నిర్ణయంగా చలామణి అవుతుంది. ప్రతి పంచాయతీలోనూ ఇలాగే జరుగుతోందని మేము అనడం లేదు. నిజాయతీగా సభ నడిపే సర్పంచులు, కార్యదర్శులు ఉన్నారు. కానీ ఈ పద్ధతి ఎక్కడా లేదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగల మండల అధికారి ఎవరైనా ఉన్నారా?

దీనికి కార్యదర్శులు చెప్పే సంజాయిషీ ఒకటుంది: చాటింపు వేసినా జనం రారని. ఆ మాటను మేము ఒప్పుకోలేం. 2025 జనవరి 21 నుంచి 24 వరకు రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాల కోసం రాష్ట్రమంతా గ్రామసభలు జరిగినప్పుడు చాలా ఊళ్లలో సభా స్థలాలు కిక్కిరిశాయి. పేరు లేనివారు నిలదీశారు, అనేక చోట్ల గొడవలూ జరిగాయి. అధికారులకు అది తలనొప్పిగా కనిపించి ఉండవచ్చు, మాకు మాత్రం అందులో ఒక నిజం కనిపించింది. తమ బతుకుకు సంబంధించిన కాగితం పైకి చదువుతారని తెలిస్తే జనం పని మానుకుని మరీ వస్తారు. చదవకుండా సంతకాలు పెట్టించుకునే సభకు రాకపోతే తప్పు వారిది కాదు.

వేళ సంగతి కూడా ఆలోచించాలి. పత్తి ఏరే రోజుల్లో, యాసంగి నాట్ల రోజుల్లో పొద్దున పదకొండింటికి సభ పెడితే వచ్చేది ముసలివాళ్లు, పంచాయతీ సిబ్బంది మాత్రమే. తండాల నుంచి హైదరాబాదుకో, పుణెకో, ముంబయికో కూలికి వలస వెళ్లినవారు పండగలకు ఇంటికి చేరే రోజులు ఊళ్లో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో, పనులు ముగించుకున్నాక సాయంత్రం ఏడు గంటలకు సభ పెట్టకుండా ఏ నిబంధనా అడ్డుపడదు. అడ్డుపడేది కార్యదర్శి ప్రయాణం. ఉదయం హాజరు, మధ్యాహ్నం ఆన్‌లైన్ నివేదికలు, సాయంత్రం టెలికాన్ఫరెన్సుతో నలిగిపోతున్న ఉద్యోగి రాత్రి సభకు ఉండాలంటే మర్నాడు ఆలస్యంగా రావడానికి వెసులుబాటు ఇవ్వాలి. ఈ చిన్న ఉత్తర్వు జిల్లా పంచాయతీ అధికారి ఒక్క సంతకంతో ఇవ్వగలరు.

గ్రామసభను చిన్నచూపు చూసేవారు ఒడిశాలోని నియమగిరిని తలచుకోవాలి. కొండను బాక్సైట్ తవ్వకాలకు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి సభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది జులై, ఆగస్టుల్లో డోంగ్రియా కొంధు గిరిజనుల ఊళ్లలో జరిగిన 12 పల్లి సభలూ (అక్కడి గ్రామసభలు) వద్దనే తేల్చాయి. గుప్పెడు కుటుంబాలున్న పల్లెలు చేసిన ఆ తీర్మానాలను కేంద్రం మన్నించక తప్పలేదు. ఒక కొండనే నిలబెట్టగలిగిన అధికారం మన తండాలో నీళ్ల మోటారు ఖర్చు అడగడానికి చాలదా!

కొత్త సర్పంచుల్లో సుమారు సగం మంది మహిళలు. సభలో కుర్చీ మీద వారే కూర్చోవాలి, లెక్క వారే చదవాలి. భర్తలో కొడుకులో మైకు పట్టుకుంటే అక్కడే ఆపాల్సిన బాధ్యత కార్యదర్శిది.

మా కోరిక చిన్నదే. తీర్మానం పూర్తిగా రాసి, తెలుగు రాని వృద్ధులున్న తండాలో లంబాడీ భాషలోనూ వినిపించి, ఆ తరవాతే సంతకాలు తీసుకోవాలి. ఖాళీ విడిచిన పేజీ తనిఖీలో దొరికితే ఆ సభ జరగనట్టే లెక్క కట్టాలి. గత సభలో ఒప్పుకున్న పనుల్లో ఎన్ని అయ్యాయో, ఎంత ఖర్చు పెట్టారో ముందు చెప్పాకే కొత్త ఎజెండాలోకి వెళ్లాలి.

వీటన్నిటికన్నా ముందు పాత బాకీల సంగతి తేల్చాలి. వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు, మురుగు కాలువలు అప్పులు తెచ్చి కట్టించామనీ, బిల్లులు రాలేదనీ మాజీ సర్పంచులు రోడ్డెక్కి అడుగుతూనే ఉన్నారు. వారిలో న్యాయమైన బిల్లున్నవారికి వడ్డీ పెరిగిపోతోంది. పని చేయకుండా బిల్లు పెట్టినవారూ ఎక్కడైనా ఉంటే ఆ బరువు కొత్త పాలకవర్గం మీద పడుతుంది. ఏ పని ఎక్కడ జరిగిందో, కాలువ ఎంత పొడవు తవ్వారో ఆ వీధిలో ఉండేవారి కన్నా బాగా చెప్పగల ఇంజినీరు లేడు. కనుక ప్రతి పంచాయతీలో రాబోయే గ్రామసభ ఎజెండాలో పెండింగ్ బిల్లుల జాబితాను మొదటి అంశంగా పెట్టి, పని పేరు, స్థలం, మొత్తం, ఎవరికి ఇవ్వాలో పైకి చదివించాలి. సభ అవునన్న బిల్లులను ప్రభుత్వం ఇక జాప్యం లేకుండా చెల్లించాలి, కాదన్న వాటి మీద విచారణ వేయాలి.